మున్నేట్లో ఎత్తిన ఎడమ చెయ్యి

వాచీకి మొహం వాచిన మనిషిని నేను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా టైము పట్టింది.

పదిహేనేళ్ళుగా మా అత్తవారికి పెద్దల్లుణ్ణి. జగ్గయ్యపేటలో లెక్కల మాస్టార్ని. పెళ్ళిలో మా మామగారు పెట్టిన బంగారు రంగు వాచీనే అన్నేళ్ళూ కట్టాను. దాని రంగు వెలిసి లోపలి ఇత్తడి తేలింది. అల్లుడి మీద మోజు కూడా ఇంచుమించు అదే వేగంతో వెలిసింది. అయినా ఒక్క హోదా మాత్రం మిగిలింది నాకు. వీరులపాడులో వాళ్ళింట్లో అందరం చేరినప్పుడు, గోడకి గడియారం ఉన్నా సరే, మామగారు నావైపే తిరిగి, "పెద్దల్లుడుగారూ, టైమెంతయింది?" అనేవారు. నేను చెయ్యి కాస్త దూరంగా పెట్టి, కనుబొమలు ముడిచి, నిమిషాలతో సహా చెప్పేవాణ్ణి.

ఆ హోదాని మా తోడల్లుడు ఒక్క మధ్యాహ్నంలో లాక్కున్నాడు. నందిగామలో కరెంటాఫీసు ఉద్యోగం అతనిది. వయసులో చిన్నవాడు కాబట్టి 'తమ్ముడూ' అని పిలుస్తాను, పైకి. ఆ ఆదివారం భోజనాలకి వస్తూ అతను చేతికి ఒక పాత జపాను వాచీ కట్టుకొచ్చాడు. సముద్రం అడుగుకి దిగేవాళ్ళ కోసం చేసిందట. అరచేతి మందాన ఉంది. అంకెల మీద చీకట్లో మెరిసే మందు పాతబడి పెసరపప్పు రంగులోకి తిరిగింది. అద్దం చుట్టూ పళ్ళున్న రింగు ఒకటి.

"ఈ రింగు ఒకవైపే తిరుగుద్ది మావయ్యా," అని చూపించాడు. "నీళ్ళలో దిగేటప్పుడు పెద్దముల్లుకి ఎదురుగా పెట్టుకుంటే ఎంతసేపయిందో తెలిసిపోద్ది. పొరపాటున చెయ్యి తగిలి తిరిగినా టైము ఎక్కువే చూపిస్తది కానీ తక్కువ చూపించదు. లోపల గాలి అయిపోకముందే పైకొచ్చేస్తాం."

కీసర దగ్గర మున్నేటి వంతెన మీంచి కిందికి చూడాలంటేనే భయపడే మనిషి ఈ 'వచ్చేస్తాం' అనడం నాకు వింతగా ఉంది. మామగారికి మాత్రం కళ్ళు పెద్దవయ్యాయి. "అయితే పొద్దున పాస్టరుగారి ప్రసంగం ఎంతసేపయిందో చెప్పొచ్చన్నమాట!" అన్నారు.

"రింగు పెట్టా మావయ్యా. యాభై రెండు నిమిషాలు."

ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను, దవడలు నొప్పి పుట్టేట్టుగా. చేతులు కడుక్కుని లేస్తూ మామగారు, "చిన్నల్లుడుగారూ, టైమెంతయింది?" అన్నారు. నీళ్ళలో దిగే వాచీ చూసి నా కడుపులో నిప్పు పడింది.

ఆ రోజు నుంచీ ఫోన్లో పాత వాచీలు అమ్మేవాళ్ళ గ్రూపులన్నిటిలో చేరాను. పిల్లల పరీక్ష పేపర్లు ఒక పక్కన, ఫోను ఒక పక్కన. అలాంటి వాచీ కనబడ్డప్పుడల్లా గుండె గబగబ కొట్టుకునేది. ఢిల్లీ అనో, ముంబై అనో చూసి చల్లబడేది. నాలుగు నెలలకి ఒకటి దొరికింది. అచ్చం అదే. ఊరు చూస్తే నందిగామ.

బస్టాండు పక్క సందులో చిన్న వాచీ రిపేరు బడ్డీ. కంటికి భూతద్దం బిగించుకున్న ముసలాయన ఉన్నాడు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు ఒకప్పుడు తెచ్చుకున్న వాచీలు కొని, బాగుచేసి అమ్ముతాడట. నేను వాచీని చెవి దగ్గర పెట్టుకున్నాను, కుదుపుకి లోపల ముల్లు కదులుతోందో లేదో చూశాను, వెనక మూత మీద గీతలు పట్టి పట్టి చూశాను. అన్నీ తెలిసినవాడిలా తలాడించాను. బేరం కుదిరాక, చేతికి కట్టబోతూ ఆయన ఆగాడు.

"ఒక్క మాట సార్. దీన్ని నీళ్ళలో పెట్టబాకండి."

"అదేంటండీ? నీళ్ళ వాచీయేగా?"

"ఒకప్పుడు. లోపల రబ్బరు వాషర్లు ఎండి పెళుసైపోయినయ్. దీనికి సరిపోయేవి దొరకట్లా. కుర్రతనంలో ఈతగాడని ముసలాణ్ణి తీసకెళ్ళి ఏట్లో తోస్తామా సార్?" అని, మూత తుడుస్తూ కలిపాడు, "ఇట్టాంటిదే కరెంటాఫీసు సారొకాయన తీసకెళ్ళారు. ఆయనకీ ఇదే చెప్పా."

ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. అంటే ఆ చేతిమీది గొప్పంతా ఉత్తదేనన్నమాట! సముద్రం సంగతి అటుంచి, సాంబారు గిన్నె కడగడానిక్కూడా పనికిరాదు. బస్సులో జగ్గయ్యపేట వరకూ నాలో నేనే నవ్వుకున్నాను. అదే పనికిరానిది నా చేతికి కూడా ఉందన్న సంగతి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేటప్పుడు గుర్తొచ్చింది. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి కడుక్కున్నాను.

వీరులపాడులో మామగారు దాన్ని చూసి, "మీరూ అట్టాంటిదే కొన్నారా అల్లుడుగారూ?" అన్నారు. ఆ 'అట్టాంటిదే' దగ్గర నేను కొంచెం చిన్నబోయాను. తోడల్లుడు నా వాచీ కేసి చూసి, "బాగుందన్నయ్యా," అని ఊరుకున్నాడు. ఎక్కడ కొన్నావని అతనూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

తరవాతి నెలలో మా బావమరిది కూతురికి బాప్తిస్మం. ఇంటర్ చదువుతోంది. ఏడుగురికి కలిపి కీసర దగ్గర మున్నేట్లో ఇస్తున్నారు. పాస్టరుగారు ముంచేటప్పుడు ఇటొకరు, అటొకరు నీళ్ళలో నిలబడి పట్టుకోవాలి. ఆ పని ఈసారి అల్లుళ్ళిద్దరికీ వచ్చింది. ఒడ్డున మా బావమరిది స్టీలు బేసిన్ పట్టుకుని ఫోన్లూ, వాచీలూ వసూలు చేస్తున్నాడు. నేను హాయిగా వాచీ విప్పబోతుంటే మామగారి గొంతు వినబడింది.

"ఒరే, అల్లుళ్ళవి అడగమాకరా. అయ్యి సముద్రంలో దిగే వాచీలు. మున్నేరెంత!"

సంఘమంతా మా చేతుల కేసి చూసింది. తోడల్లుడు నా కేసి చూశాడు. నేను అతని కేసి చూశాను. ఇద్దరం దిగాం.

నీళ్ళు రొమ్ము దాకా వచ్చాయి. నా ఎడమ చెయ్యి దానంతటదే పైకి లేచింది. అవతల చూస్తే అతని ఎడమ చెయ్యి కూడా అంతే ఎత్తున ఉంది. ఒడ్డున ఒక ముసలమ్మ మా ఇద్దర్నీ చూసి పరవశించిపోయి, "స్తోత్రం!" అని చేతులెత్తింది. ఆమెని చూసి సగం సంఘం చేతులెత్తింది. నా జన్మలో అంత భక్తి నేనెప్పుడూ ప్రదర్శించలేదు.

ముందు వచ్చిన ఆరుగురికీ కుడిచెయ్యి సరిపోయింది. ఆఖర్న మా పిల్ల. తెల్ల బట్టల్లో వణుకుతూ వచ్చింది. దానికి చిన్నప్పట్నుంచీ నీళ్ళంటే భయం. మధ్యలో నిలబడి, ఏడుపు గొంతుతో, "మావయ్యా, రెండు చేతులతో పట్టుకోండి. ప్లీజ్," అంది. ఏ మావయ్యో చెప్పలేదు.

లెక్కల మాస్టార్ని కదా, లెక్క వేశాను. అతను దించితే మూడు చేతులు, పాస్టరుగారివి రెండు. ఐదు చాలు. నేను ఆగాను. ఆగింది ఒక్క సెకను. నా చేతి మీది వాచీ ఆ సెకనుని చాలా కచ్చితంగా లెక్కపెట్టి ఉంటుంది.

అతను దించేశాడు. వాచీ కేసి చూడనుకూడా చూడలేదు. ఎడమ చెయ్యి పిల్ల వీపు కిందికి పోనిచ్చి, "నేనున్నాగా అమ్మా, కళ్ళు మూసుకో," అన్నాడు. పిల్ల మునిగింది. లేచేటప్పుడు దాని రెండు చేతులూ అతని మణికట్టునే పట్టుకుని ఉన్నాయి. అప్పుడు దిగింది నా చెయ్యి, భుజం ఎత్తు దాకా. ఎవరికీ అక్కర్లేదని తెలిసి అక్కడే ఆగిపోయింది.

ఒడ్డుకొచ్చాక అతని వాచీ అద్దం నిండా ఆవిరి పట్టేసింది. లోపల నీటి చుక్క ఒకటి అటూ ఇటూ జారుతోంది. పిల్ల చూసి గతుక్కుమంది. "అయ్యో చిన్నమావయ్యా, నీ వాచీ!"

"పోనీలే. దానికీ బాప్తిస్మం అయిపోయింది," అని నవ్వాడు.

మామగారు దగ్గరికొచ్చి ఆ వాచీని చూశారు. నిజం ఆయనకి అర్థమయ్యే ఉంటుంది. ఒకప్పటి టీచరు కదా. నా చేతికేసి కూడా చూశారు. పొడిగా, తళతళలాడుతూ పన్నెండూ నలభై చూపిస్తోంది.

"చిన్నల్లుడుగారూ, టైమెంతయిందండీ?" అన్నారు.

అతను ఆవిరి పట్టిన అద్దంలోకి చూసి, "భోజనాల టైమయింది మావయ్యా," అన్నాడు.

ఇది జరిగి ఏడాది దాటింది. అతను దాన్ని బాగుచేయించలేదు. ఆగిపోయిన వాచీనే కట్టుకుని తిరుగుతున్నాడు. అంకెల మీద ఎండిన నీటి మరక ఒకటి ఉంది. పిల్ల సెలవులకి ఇంటికొచ్చినప్పుడల్లా ఆ చెయ్యి పట్టుకుని చూస్తుంది. నడవని వాచీ మీద కుళ్ళుకునేవాడు మా రెండూళ్ళ మధ్య నేనొక్కణ్ణే అయి ఉంటాను.

మొన్న బాత్రూంలో బకెట్టు నిండా నీళ్ళు పెట్టుకుని, వాచీ ఉన్న చెయ్యి దాని మీద పట్టుకుని నిలబడ్డాను. ఒక మరక పడితే చాలు, చిన్నదైనా పర్లేదు అనిపించింది. బయట నుంచి మా ఆవిడ తలుపు కొట్టింది.

"ఏవండీ, ఎంతసేపైంది లోపలికెళ్ళి?"

రింగు చూశాను. "పదకొండు నిమిషాలు," అన్నాను.