ఖాళీగా వదిలిన గడులు

"ఆ ఇరవైమూడు ఊళ్ళల్లో ఎవురు చూసినారే? ఎవురూ చూడకుండా నువ్వు అంకె ఎట్ల ఏస్తావు?" అంటున్నాను నేను.

"ఎవురూ పంపలేదు కాబట్టే కదవ్వా సగటు ఏసేది. చుట్టూ ఉండే ఊళ్ళవి కలిపి భాగిస్తే ఎంతొస్తే అంత. అందురూ ఇట్లనే చేస్తారు" అంటోంది మనవరాలు, ఒళ్ళోని కంప్యూటరు మీంచి తల ఎత్తకుండానే.

"అందురూ చేస్తే? పక్కింట్లో అన్నం వండితే మన కడుపు నిండుతాదా?"

"మూడో తరగతి చదివి నాకు లెక్కలు చెప్పొద్దు. రేపు పొద్దున తొమ్మిదికి పంపాల. నువ్వు పోయి నీ కోళ్ళను గంప కింద కమ్ముకో పో."

"నీకు ఒకట్లు దిద్దించింది ఈ మూడో తరగతిదే, మర్సిపోయినావేమో."

పొద్దు గూకే వేళ మా అరుగు మీద జరిగిన పోట్లాట ఇది. మనవరాలు అంటే మా కూతురి కూతురు. బెంగుళూరులో ఒక కంపెనీలో పని, వారం రోజులు నా దగ్గర ఉంటానని వచ్చింది, పనిని కూడా సంచిలో పెట్టుకుని వచ్చింది. దాని పని ఏమిటని అడిగితే ఓపికగానే చెప్పింది. శనక్కాయ విత్తనాలు అమ్మే ఒక వ్యాపారికి, ఏ ఊరి అంగడికి ఎన్ని మూటలు పంపాలో వానాకాలం రాకముందే చెప్పాలట. వెనకటికి ఆ వ్యాపారి మనిషి మోటారు సైకిలు మీద ఊరూరూ తిరిగి, ఏమప్పా, ఈ తూరి ఎంత విత్తుతారు అని అడిగేవాడు. ఇప్పుడు అంగళ్ళ వాళ్ళు ఫోనులో నొక్కిన అంకెలూ, గడిచిన ఏళ్ళ వానలూ, ధరలూ అన్నీ ఒక్కచోట పోస్తే, కంప్యూటరే ఎరుపూ పచ్చా పసుపూ స్తంభాలు గీసి, ఈ ఊరికి ఇంత అని చెప్పేస్తుందట. ఇరవైమూడు ఊళ్ళ నుంచి మాత్రం అంకె రాలేదు. ఆ ఖాళీలను సగటుతో నింపేస్తామని అది ఫోనులో ఎవరితోనో అంటుంటే నా చెవిన పడింది, నాకు ఒళ్ళు మండింది.

అంత చిన్న మాటకు ముసలిది ఎందుకు ఎగిరిందా అని మీకు అనిపించవచ్చు. నా ఈడువాళ్ళు, ఈ మెట్ట నేలల్లో ఆకాశం వైపు చూస్తూ తల నెరిసినవాళ్ళు చదువుతారని ఇది రాస్తున్నాను. ఇన్నేళ్ళు మా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పని సంగతి.

రెండువేల సంవత్సరం వచ్చాక రెండు మూడేళ్ళకు అనుకుంటాను, బెళుగుప్ప దాటి లోపలికి పోయే మా ఊరికి ఒక సంస్థవాళ్ళు జీపులో వచ్చారు. ఊరూరా వాన ఎంత పడుతోందో కొలిచి, ఆ అంకెలు కంప్యూటరులో ఎక్కిస్తే, ఏ ఊరికి ఏ కష్టం రాబోతోందో ముందే తెలుస్తుందని వాళ్ళ మాట. అప్పటికి మా ఊళ్ళో కంప్యూటరును కళ్ళతో చూసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. వాన కొలిచే డబ్బాకు చెట్టూ గోడా అడ్డం లేని చోటు కావాలన్నారు, మా పెరడు అట్లాంటిది, వేపచెట్టు కూడా బతకలేదు అక్కడ. మా ఆయనకు అక్షరాలు రావు, అందుకని పుస్తకం నా చేతికి వచ్చింది. మూడో తరగతిలో బడి మానినదాన్ని, నలభై ఏళ్ళ తరువాత మళ్ళీ పెన్సిలు పట్టుకున్నాను. కొడవలితో చెక్కుకుంటూ, వేళ్ళకు దొరకనంత పొట్టిదయ్యేదాకా ఒక్క పెన్సిలుతోనే రాశాను.

పొద్దున ఎనిమిదిన్నరకు డబ్బా మూత తీసి, అందులో నీళ్ళుంటే గీతల గ్లాసులో పోసి, ఏ గీత దాకా వచ్చాయో చూసి, ఆ తేదీ గడిలో రాయాలి. అంతే పని. కొలిచిన నీళ్ళు పారబోయడం నాకు చేతకాదు, కోళ్ళ మూకుట్లో పోసేదాన్ని. కసువు ఊడ్వడం ఆలస్యమైనా, సంగటి మాడినా, ఎనిమిదిన్నర మాత్రం దాటనిచ్చేదాన్ని కాదు. ఆ గ్లాసు ఇంకెవరైనా ముట్టుకుంటే తిట్టేదాన్ని కూడా. నా చేతి అంకెను ఎక్కడో ఎవరో చదువుతారన్న గర్వం ఉండేది, అది దాచుకోవడం ఎందుకు.

వాన పడని రోజు సున్నా రాయాలని ఆ సంస్థ అబ్బాయి చెప్పాడు. చెప్పలేదని అబద్ధమాడను. నేనే రాయలేదు. మా అత్త నన్ను పెంచిన తీరు అది. బియ్యం అయిపోతే నిండుకున్నాయనే వాళ్ళం, దీపం ఆరిపోతే కొండెక్కిందనేవాళ్ళం, పెళ్ళిలో చదివింపు వంద అనకుండా నూటపదహార్లు అనేవాళ్ళం, సున్నాతో ఏదీ ముగియకూడదని. కార్తె నడుస్తుండగా వాన లేదని నోటితో అంటే మా అత్త ఊరుకునేది కాదు, ఇంకా రాలేదు అనిపించేది. అట్లాంటి ఇంటి కోడల్ని, వాన పేరు మీద, నా చేత్తో సున్నా చుట్టడమా? మొదటి ఎండపొద్దున పెన్సిలు గడి మీద ఆనించి, మళ్ళీ తీసేశాను. బంతి కూర్చున్నాక కూడా రావలసిన చుట్టానికి ఒక ఆకు వేసి ఉంచుతామే, అట్లా ఆ గడిని ఖాళీగా ఉంచాను. నెలకొకసారి సంస్థ మనిషి వచ్చి కాగితం చించుకుని సంచిలో పెట్టుకుపోయేవాడు. ఖాళీలు ఎందుకని అతనూ అడగలేదు.

ఆ ఏడు ఆరుద్రలో వాన పడి నేల మంచి పదును అయ్యింది, ఊరంతా శనక్కాయ విత్తారు. ఆ తరువాత చినుకు రాలకుండానే పుష్యాలు పోయాయి, ఆశ్లేష పోయింది, మఖ, పుబ్బ కూడా పోయాయి. చెట్టు పూత మీద ఉండగానే, ఊడలు నేలలోకి దిగకముందే వాడిపోయింది. కాయ సంగతి సరే, పసులకు మేతగా వేసే కట్టె కూడా దక్కలేదు. పక్క ఊళ్ళలో మాత్రం మఖలో రెండు వానలు పడ్డాయి, మా పొలిమేర దాకా వచ్చి తిరిగిపోయాయి. మా నేలలో ఇది కొత్త కాదు, గట్టుకు ఒక పక్క తడిసి ఇంకో పక్క దుమ్ము లేచిన రోజులు మీరూ చూసే ఉంటారు.

మాకొక జత ఎద్దులుండేవి. ఒకటి తెల్లది, ఒకటి నలుపు చాయ మసరది. మా ఆయన వాటిని దూడలప్పుడు తెచ్చి సాకాడు. మనుషులతో మాట్లాడేదానికంటే వాటితో ఎక్కువ మాట్లాడేవాడు. ఆ ఏడు గడ్డివామి అడుగు కనబడుతుంటే, సంస్థవాళ్ళు కాలువల కింది ఊళ్ళ నుంచి గడ్డి లారీలు తెప్పిస్తున్నారని, వాన పడని ఊళ్ళ జాబితా కంప్యూటరే తీస్తుందని తెలిసింది. మా ఊరికి కాక ఎవరికి వస్తుందని ధీమాగా ఉన్నాం. జాబితాలో మా ఊరు లేదు.

మా ఆయనా, మా మరిదీ, ఇంకో నలుగురూ వాళ్ళ ఆఫీసుకు పోయారు. అక్కడ మా ఆయన పదిమందిలో నిలబడి, "మా ఇంట్లోది ఒక్క పొద్దు తప్పకుండా కొలిచింది, దాని మాట మీద నేను పమాణం చేస్తా" అన్నాడని మా మరిది తరువాత చెప్పాడు. ఆ మాటకు వాళ్ళు మా ఆయనను ఒక్కడినే లోపలికి పిలిచారట. బయటికి వచ్చి, "కంప్యూటరు తప్పంట, ఇప్పుడేం చేసేకి కాదంట, లారీలు పంచేసినారంట" అన్నాడట. ఊళ్ళో కొన్నాళ్ళు అదే నవ్వులాట అయ్యింది. "ఏమప్పా, కంప్యూటర్లో మన ఊరికి వాన పడిందంటనే, పోయి ఆడ మేపుకొస్తామా పసులను?" అని రచ్చకట్ట దగ్గర ఒకరంటే, "గొడుగు ఎత్తుకొని పోండప్పా, తడుస్తారు" అని ఇంకొకరు. అందరికంటే గట్టిగా ఆ మిషనును తిట్టింది నేను. మా ఆయన నావైపు చూడకుండా లేచి ఎద్దుల దగ్గరికి పోయేవాడు.

ఇంటి కప్పు మీది బోద కూడా పీకి వేశాం. ఎద్దులు ఆ మసిపట్టిన గడ్డిని వాసన చూసి, మా మొహాలు చూసి, మెల్లగా తిన్నాయి. అది కూడా అయిపోయాక, ఆ వారం ఊళ్ళో అందరూ తోలుకుపోతున్నట్టే, మా ఆయన కూడా వాటిని సంతకు తోలుకుపోయాడు. పోయేముందు నేను కొమ్ములకు పసుపు రాయబోతే వద్దన్నాడు. కరువులో సంతకు వచ్చేవాళ్ళు సేద్యం చేసుకునేవాళ్ళు కాదని ఇద్దరికీ తెలుసు.

పశువును అమ్మినా పగ్గం అమ్మకూడదు కదా, సాయంత్రానికి రెండు పగ్గాలు భుజాన వేసుకుని వచ్చాడు. వాటిని గోడకొయ్యకు తగిలించి, కాళ్ళు కడుక్కుని, నేను ఇచ్చిన చెంబు నీళ్ళు తాగాడు. అప్పుడు అన్నాడు, "రేపట్నుంచి వాన రాని పొద్దున సున్నా రాయి."

అంతే. అంతకు మించి ఆ రోజు కానీ, ఆ తరువాత బతికిన ఆరేళ్ళలో కానీ ఒక్క మాట అనలేదు. పదిమందిలో నా మాట మీద ప్రమాణం చేసినవాడికి, లోపల ఒంటరిగా నా ఖాళీ గడులు చూపించారన్నమాట. చదువు రాని మనిషి అయినా ఖాళీని పోల్చుకోలేడా. బయటికి వచ్చి తప్పును మిషను మీద వేసి, నన్ను ఊరి నోట్లో పడకుండా దాచాడు. తిట్టి ఉంటే బాగుండేది. రెండు దెబ్బలు వేసినా ఇన్నాళ్ళు గుర్తుండేది కాదేమో.

తరువాతి నెల ఆ సంస్థలో పనిచేసే ఒక ఆడపిల్ల మా ఇంటికి వచ్చినప్పుడు నేనే అడిగాను. పాపం, ఆ పిల్ల మెల్లగానే చెప్పింది. "సున్నా అంటే మనిషి పోయి చూసినారు, వాన లేదు అని అర్థమమ్మా. ఖాళీ అంటే ఎవురూ చూడలేదని. ఎవురూ చూడని చోట పక్కూళ్ళ సగటు ఏసుకుంటాది కంప్యూటరు." పక్క ఊళ్ళ మఖ వానలు అట్లా మా ఊరి మీద కురిశాయి. దినామూ ఎనిమిదిన్నరకు ఒంగి డబ్బాలోకి చూసినదాన్ని నేను, ఎవరూ చూడలేదని చెప్పుకున్నదాన్నీ నేనే. ఊళ్ళో ఎన్ని జతల ఎద్దులు ఆ వారం సంతకు పోయాయో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

ఇది ఆ రాత్రి మా పాపకు, అదే మనవరాలికి, అన్నం తినేటప్పుడు చెప్పాను. మజ్జిగ పోసుకోవడం మరిచిపోయి వింది. "తాత నీకు ముందే ఎందుకు చెప్పలేదవ్వా?" అని అడిగింది. "ఏం చెప్తాడే, గడ్డి వస్తాదా చెప్తే" అన్నాను. అది కంప్యూటరు ఎత్తుకుని అరుగు మీదికి పోయింది. దాని పని దానిది, పైనవాళ్ళకు తొమ్మిదికల్లా ఇవ్వకపోతే దాని అన్నానికి ఎసరు.

కాలం మారింది. ఇప్పుడు వానను కొలిచే డబ్బాకు మనిషి అక్కర్లేదు, ఎండతోనే కరెంటు చేసుకుని అంకెను అదే పంపుకుంటుందట. ఎవరింట్లో ఏం కొంటారో, ఏ ఊరు ఏం విత్తుతుందో ఎక్కడో దూరాన కూర్చున్నవాళ్ళకు మనకంటే ముందే తెలుస్తోంది. మంచిదే, కాదనను, అప్పుడు ఇవే సరిగ్గా ఉంటే మా తెల్లదీ మసరదీ ఇంకో నాలుగేళ్ళు బతికేవి. కానీ వెనకటికి ఒక మాట తప్పని తేలితే, ఎవరప్పా చెప్పింది అని అడిగితే ఒక మనిషి దొరికేవాడు, తల వంచుకునేవాడు, లేదంటే వాడి కోసం ఇంకొకరు తల వంచుకునేవారు. ఇప్పుడు రంగు రంగుల స్తంభాలలో ఏ ముక్క ఎవరు చూసిందో, ఏ ముక్క ఎవరూ చూడనిదో తెలియకుండా నున్నగా కలిసిపోతోంది. ఆ నున్నదనం చూస్తే నాకు భయం.

మరుసటి పొద్దున నేను లేచేసరికి పాప అరుగు మీద కూర్చుని ఫోన్లు చేస్తోంది. అన్నా, అంగడి తీసినారా, పోయిన ఏడు ఎన్ని మూటలు పోయినాయి అని అడుగుతోంది. ఇరవైమూడింట్లో తొమ్మిది ఊళ్ళవాళ్ళు పలికారు. మిగిలిన పద్నాలుగింటికీ సగటే వేసింది, వేసిన గడులకు మాత్రం బూడిద రంగు పూసి, ఇవి ఎవరూ చూసి చెప్పినవి కావు అని కింద రాసింది. తొమ్మిదికి ముందే పంపేసింది.

అది ఇంకా ఫోన్లలో ఉండగానే నేను పెరట్లోకి పోయాను. ఆ సంస్థవాళ్ళు ఊరు విడిచిపోయి చాలా ఏళ్ళయ్యింది, డబ్బాను అడిగినవాళ్ళు లేరు, పుస్తకం మాత్రం నేను మానలేదు. ఎనిమిదిన్నరకు మూత తీసి చూశాను. లోపల దుమ్ము తప్ప ఏమీ లేదు. సున్నా రాశాను.