బావమరిది బండిలో తొమ్మిది

రొట్టెల ఫ్యాక్టరీలో వ్యాన్ల షెడ్డు పెద్దను డ్రైవర్లు భూతద్దం అనేవారు. ఖాళీ డబ్బా కనిపించినా మూత తీసి వాసన చూసే మనిషి. చాలా ఏళ్లు స్టీరింగ్ పట్టాక షెడ్డు ఆయన చేతికొచ్చింది. బావమరిదినీ అల్లుణ్ణీ డ్రైవర్లుగా ఆయనే పెట్టించాడు. అందరికంటే ఎక్కువ నిఘా పెట్టిందీ వాళ్ల మీదే.

విదేశం నుంచి రెండు పాత వ్యాన్లు వచ్చాయి. వాళ్లిద్దరికీ చెరొకటి ఇచ్చాడు. వాటిలో మైలేజీ స్టీరింగ్ ముందున్న చిన్న తెర మీదే కనిపిస్తుంది. అల్లుడి బండి పదిహేను చూపింది, బావమరిది బండి తొమ్మిది. సరిగ్గా అప్పుడే షెడ్డులో డీజిల్ ట్యాంకు ఎన్నడూ లేనంత తొందరగా అడుగంటింది. ఇంకేం కావాలి?

"డీజిల్ ఎక్కడ దించుతున్నావురా?" అని బావమరిదిని నిలదీశాడు.

"నీ అనుమానానికే పోస్తున్నా బావా. ఎంత పోసినా నిండట్లేదు."

"ఎకసెక్కాలు చాలు. రేపు నీ పక్కనే కూర్చుంటా. తేడా కనిపించిందా, ఎల్లుండి నుంచి పనిలోకి రావద్దు."

సంగతి ఇంట్లో భార్య చెవిన పడింది. "మా తమ్ముడు దొంగా? ముందు కళ్లు కడుక్కుని చూడండి," అంది.

మర్నాడు ఆయన రోడ్డు చూడలేదు. తెరనే చూశాడు. ఎత్తు ఎక్కుతుంటే ఇంజను మూలిగింది, అంకె ఇరవై దాటింది. పల్లంలో బావమరిది యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు, అంకె సున్నాకు జారింది.

"ఇదేంట్రా, తలకిందులుగా ఉంది?"

"మొదట్నుంచీ అంతే. చెబితే దానికీ లంచమిచ్చానంటావు."

భూతద్దం అంకె పక్కన ఇన్నాళ్లూ చూడని చిన్న అక్షరాలు చదివాడు. ఆయన ఎరిగిన లెక్క లీటరుకు ఎన్ని కిలోమీటర్లని. కొన్ని దేశాల్లో గాలనుకు ఎన్ని మైళ్లంటారు. ఈ బండి పుట్టిన చోట మాత్రం వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు తాగిందని అడుగుతారు. అక్కడ అంకె పెరిగితే దుబారా.

తొమ్మిది నిర్దోషి. మరి పదిహేను?

షెడ్డుకు రాగానే అల్లుడి వ్యాన్ వెనక తలుపు తీశాడు. రొట్టెలు మోసే బండిలో, నేల చెక్కల సందుల్లో సిమెంటు గడ్డకట్టి ఉంది. ఫ్యాక్టరీ డీజిల్‌తో బయటి కిరాయిలన్నమాట. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు ఇంత కిందికి వంగి చూడడు.

వెనక అడుగుల చప్పుడైంది. "ఏం వెతుకుతున్నారు మామయ్యా? దీని మైలేజీ బావుందని మీరేగా అన్నారు?"

"అన్నాను," అంటూ ఆయన చెయ్యి చాచాడు. "తాళాలివ్వు అల్లుడూ."