అఫ్జల్‌గంజ్‌లో ఆరిపోయిన కంప్యూటర్

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తెలిసింది గోరంత, చెప్పుకునేది కొండంత. నేను అఫ్జల్‌గంజ్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో చేరిన మూడో నెలలోనే, ఇంటి నుంచి ఇంటర్నెట్ ద్వారా ఆఫీసు కంప్యూటర్‌ను నడపడం నేర్చుకున్నాను. (నేర్చుకున్నానని నేననుకున్నాను.) "ఇకమీద ఆదివారాలు ఎవరూ ఆఫీసుకు రానక్కర్లేదు సార్" అని మేనేజరుకు ధీమాగా చెప్పేశాను. ఆయన సంతోషంగా తాళంచెవి నా చేతిలో పెట్టి, చుట్టాల పెళ్లికి ఊరెళ్లిపోయాడు.

ఆ ఆదివారం జహనుమాలో మా ఇంట్లో ప్రదర్శన మొదలైంది. అమ్మ, బాపు, పక్కింటి ఖాలా నా ల్యాప్‌టాప్ చుట్టూ చేరారు. తెర మీద ఆఫీసు కంప్యూటర్ కనబడగానే ఖాలా ముక్కు మీద వేలేసుకుంది. "గా మిషన్ ఆడుంటె ఈడికెల్లి ఎట్ల నడుపుతున్నవ్ బేటీ?" "గదే ఖాలా, టెక్నాలజీ!" అన్నాను, దాన్ని నేనే కనిపెట్టినట్టు. ఇంతలో ల్యాప్‌టాప్ మొరాయించింది. ఒకసారి ఆపి మళ్లీ పెడదామని షట్ డౌన్ నొక్కాను. ల్యాప్‌టాప్ నిక్షేపంగా వెలుగుతూనే ఉంది. నేను నొక్కింది తెర మీదున్న ఆఫీసు కంప్యూటర్ షట్ డౌన్; ఆరిపోయింది అఫ్జల్‌గంజ్‌లోది!

అప్పుడే డ్రైవరు ఫోను. "మేడం, లోడు కాయితం రాలే. చెక్‌పోస్టు కాడ బండి ఆపిన్రు." ఆ కాయితం ఆరిపోయిన కంప్యూటర్‌లోనే ఉంది.

"బంద్ జేసినట్లే మళ్ల ఆన్ జెయ్యరాదు?" అన్నాడు బాపు.

"బంద్ పడ్డదానికి నెట్ అందది బాపు. ఆడికి పోయి బటన్ నొక్కాలె."

"అంటె గింత టెక్నాలజీకి ఒక వేలు కావాలె. నడువ్, స్కూటర్ తీస్త."

ఎండలో, ట్రాఫిక్‌లో పడి ఆఫీసు చేరాం. తాళం తీశాను, బటన్ నొక్కాను, కాయితం పంపాను, లారీ కదిలింది.

నేను తాళం తీయడం ఎవరో చూసి చెప్పారు కాబోలు, సోమవారం మేనేజరు అందరినీ పిలిచి నన్ను చూపిస్తూ, "సెలవు రోజు గూడ ఆఫీసుకొచ్చి పని జేసిందంట! నేర్చుకోండ్రి" అన్నాడు. నేను వినయంగా తల వంచుకున్నాను. సిగ్గుతో వంచిన తల కూడా వినయంలాగే కనబడుతుంది.

ఇప్పుడు కొత్తవాళ్లకు ఈ పని నేర్పేటప్పుడు, ఏ తెర ఎవరిదో చూసి నొక్కమని చెబుతూ, "వెనకటికి ఒక అమ్మాయి..." అని మొదలుపెడతాను. వాళ్లు పడీపడీ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఎంత తెలివితక్కువదైనా, ఆ అమ్మాయికున్న ధీమా మాత్రం నాకు మళ్లీ రాలేదు.