చద్దన్నంలో దొరకని విటమిన్

2023లో విజయవాడ ఆటోనగర్‌కి దగ్గర్లో, బందరు రోడ్డు మీద ఒక యోగా కేంద్రంలో తిండి లెక్కలు చూస్తున్నాను. ఇప్పటికీ అదే పని. అంతకుముందు స్పేర్ పార్టుల దుకాణంలో స్టాకు లెక్కలు రాసేవాణ్ణి. ఆహారశాస్త్రంలో నాకు డిగ్రీ లేదు. పుస్తకాలూ పోషకాల పట్టికలూ చదివి నేర్చుకున్నదే. అందుకే జబ్బు సంగతి డాక్టరుకి వదిలేసి, కంచం సంగతి మాత్రమే చూస్తాను.

మా దగ్గరికి వచ్చేవారిలో కొందరు మాంసం, చేపలే కాదు, పాలు, పెరుగు కూడా మానేసి పూర్తిగా మొక్కల నుంచి వచ్చే తిండికి మారతారు. ఒళ్ళు తేలికై ఆసనాలు బాగా కుదురుతున్నాయని చెబుతారు. వారికి డైట్ చార్ట్, అంటే రోజులో ఏది ఎంత తినాలో చూపే పట్టిక, వేసివ్వడం నా పని. యాభై కిలోల మనిషికి రోజుకి నలభై గ్రాములకు పైగా ప్రోటీన్ అందాలి. కందిపప్పు, పెసలు, శనగలు, వేరుశనగలు, సోయా కలుపుకుంటే అది కష్టం కాదు. మొక్కల నుంచి నమ్మకంగా దొరకనిది విటమిన్ బి12. నరాలకీ రక్తానికీ అది కావాలి. రోజుకి కావలసింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకే, కంటికి కూడా ఆనదు. అయినా పట్టికలో దాని గడిలో సున్నా ఉండకూడదు. అందుకని చార్టు చివర బి12 బిళ్ల తప్పకుండా రాస్తాను.

నాగమణి గారు కంకిపాడు అవతలి ఊరి నుంచి బస్సులో వచ్చేవారు. యాభైకి దగ్గర్లో ఉంటారు. ఇంట్లో గుంట మగ్గం ఉంది, భార్యాభర్తలిద్దరూ నేస్తారు. నడుం నొప్పి తగ్గుతుందేమోనని యోగాలో చేరారు, తగ్గింది. బరువూ తగ్గింది, డాక్టరు బీపీ మందు సగానికి దించాడు. ఆ ఉత్సాహంలో చేపలు మానేశారు, తర్వాత గుడ్లు, ఆ తర్వాత పెరుగు. అలా మూడేళ్ళు గడిచాయి.

ఒక పొద్దున ఆవిడ మెట్లెక్కి హాలు గుమ్మం దగ్గరికి రాగానే, యోగా నేర్పే సలోమి గారు నవ్వేశారు.

"ఏంటండీ నాగమణి గారూ, ఒక కాలికే చెప్పు? రెండోది కండక్టరుకి ఇచ్చొచ్చారా?"

నాగమణి గారు కిందికి చూసుకున్నారు. "అయ్యో, ఎక్కడ జారిపోయిందో!"

చెప్పు మొదటి మెట్టు దగ్గరే దొరికింది. అందరితో పాటు ఆవిడా నవ్వారు. కానీ అంత ఎత్తు సిమెంటు మెట్లు ఒక కాలికి చెప్పు లేకుండా ఎక్కి, ఆ తేడా తెలియలేదంటే నాకు అనుమానం వచ్చింది. క్లాసయ్యాక అడిగాను.

"తిమ్మిర్లేనండీ. వజ్రాసనంలో కూర్చుంటే అందరికీ వచ్చేవేగా. నాకైతే మగ్గం గుంటలో కూడా అంతే."

"లేచి నాలుగడుగులు వేస్తే పోతున్నాయా?"

"ఇదివరకు పోయేవి."

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చారు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కింది కర్రలు తొక్కుతుంటే పైన దారాలు విడిపోయి, అడ్డపోగును మోసుకెళ్ళే నాడె దూరడానికి దారి వస్తుంది. నేసేవాళ్ళు ఆ కర్రల వైపు చూడరు, పాదానికే తెలుస్తుంది. కొన్నాళ్ళుగా ఆవిడ వంగి చూస్తే గాని కాలు ఏ కర్ర మీద ఉందో తెలియడం లేదు. బట్టలో తప్పులు పడుతున్నాయి. చూపు మందగించిందనుకుని భర్త కళ్ళజోడు కూడా మార్పించాడట.

"బి12 బిళ్ల వేసుకుంటున్నారా?"

"మొదట్లో వేసుకున్నానండీ. తర్వాత చద్దన్నంలోనే అది బోలెడుంటుందని ఫోన్లో వస్తే మానేశా. రోజూ పొద్దున్నే అదేగా తింటున్నా. మందులు మానడానికే కదండీ ఈ యోగా అంతా!"

చద్దన్నం మంచి తిండే. కానీ బి12 కోసం దాన్ని నమ్ముకోలేం. మన ఇళ్ళలో చద్దన్నంలో పెరుగో మజ్జిగో కలుపుతారు, ఉన్న కాస్త బి12 ఆ పాల నుంచి వచ్చేదే. ఈవిడ పాలు మానేశారు కాబట్టి ఉత్త నీళ్ళల్లో నానబెట్టి, ఉల్లిపాయ నంజుకుని తింటున్నారు. ఆ గడి మళ్ళీ సున్నా అయింది. ఆ మాటే చెప్పి, నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను.

"రక్తం పన్నెండుందండీ నాకు, మొన్ననే చూశారు," అన్నారు.

"అయినా వెళ్ళండి. ఈ వారంలోనే."

వెళ్ళారు. పరీక్షలో బి12 బాగా తక్కువని తేలింది. ఆకుకూరలు దండిగా తినేవాళ్ళకి వాటిలోని ఫోలేట్ అనే విటమిన్ వల్ల రక్తం బాగానే ఉండి, లోపల నరాలు దెబ్బతినవచ్చని డాక్టరు చెప్పారట. దీన్ని న్యూరోపతి అంటారు. ఆలస్యం చేస్తే స్పర్శ తిరిగి రాకపోవచ్చన్నారు, ఇంజెక్షన్లు రాశారు. ఆవిడ వేయించుకోకుండా ఆ చీటీ పట్టుకుని భర్త సుబ్బారావు గారితో మా దగ్గరికి వచ్చేశారు.

"చెప్పండి సార్ ఈవిడకి," అన్నారాయన. "గడ్డి తిని తిని ఇలా అయింది. రేపే నాలుగు కొరమీనులు తెచ్చి పులుసు పెడతా."

"నువ్వే తిను ఆ పులుసు," అన్నారావిడ. తర్వాత నా వైపు తిరిగి, "సూది పొడిపించుకుంటే ఇన్నాళ్ళు చేసిందంతా అబద్ధమైపోదా అండీ? ఒంటిని తిండితోనే నిలబెట్టుకున్నానని ఊరంతా చెప్పుకున్నా."

నేను అంకెలతో ఏదో చెప్పబోయాను. ఈలోగా సుబ్బారావు గారే అందుకున్నారు.

"నూలు మనం వడికామా ఏంటే? మిల్లు నుంచి రావట్లా? రంగు బయట అద్దించట్లా? అయినా చీర మనం నేసిందేనని చెప్పుకోవట్లా? ఇదీ అంతే. ఒక్క పోగు బయట్నుంచి తెచ్చుకో."

ఆవిడ ఆయన వైపు తిరిగారు. "గడ్డి అన్నావుగా ఇందాక?"

"గడ్డే. నీ గడ్డి నువ్వు తిను, సూది మాత్రం వేయించుకో."

ఆ సాయంత్రమే మొదటి ఇంజెక్షన్ వేయించుకున్నారు. ఎడమ పాదానికి ముందు స్పర్శ వచ్చింది. కొన్ని నెలలకు కర్రల వైపు చూడకుండా నేయగలిగారు. చేపలు, పాలు మళ్ళీ ముట్టలేదు, బి12 బిళ్ల మానలేదు. కుడికాలి చివరి రెండు వేళ్ళకు మాత్రం స్పర్శ పూర్తిగా రాలేదు, ఇక రాదని డాక్టరు చెప్పేశారు. ఒంటికాలి ఆసనాలు ఇప్పుడు గోడ పక్కన నిలబడి చేస్తారు.

ఏం మానేశారో అడిగితే అందరూ హుషారుగా చెబుతారు. దాని బదులు ఏం తింటున్నారో, అది ఎవరు చెప్పారో కూడా అడగాలని ఆ కేసు వల్ల తెలిసింది. ఇంకొకటీ తెలిసింది. బి12 లివర్లో ఏళ్ళ తరబడి నిల్వ ఉంటుంది. అది తరుగుతున్నంత కాలం మనిషికి తేడా తెలియదు, పైగా బరువు తగ్గి హాయిగా కూడా ఉంటుంది. అందుకే పాలు కూడా మానేసినవారు ఎవరైనా "ఒంట్లో చాలా బాగుందండీ" అనగానే, ముందు వారిని బి12 పరీక్షకి పంపిస్తున్నాను.