జూలీకి నేర్పిన ఒక్క మాట

నిన్న పుంగనూరులో నా పరువు ఎట్ల పోయిందో చెప్తా, కాపీ తాగతా వినండప్పా. నవ్వినారంటే మాత్రం ఇంగెప్పుడూ మీకు దగ్గు మిక్స్చరు కలిపియ్యను!

మన ఆస్పత్రి దొరసాని ఓడెక్కి ఇంగ్లీషు సీమకు పోతా పోతా జూలీని నా చేతిలో పెట్టి పోయింది గదా. టెర్రియర్ జాతి. మూరెడు కుక్క, గరుకు బొచ్చు. ఎలక వాసన తగిలితే బొరియలో తల దూర్చి లాగేస్తాది. ఇంట్లో మాత్రం పసిబిడ్డ మాదిరి కాళ్ళకాడ పడుకుంటాది. ఇట్లాంటివి ఇంటికొకటి ఉంటే మదనపల్లెలో ఎలకనేదే ఉండదని నాకు బుద్ధి పుట్టింది. బెంగుళూరులో ఇంకో దొరకాడ మొగకుక్కను వెతికి జత చేయించినా. మూడు పిల్లలు! జాతికుక్కల్ని పెంచి ఇచ్చేవాడినని 'బ్రీడర్' బోర్డు కూడా రాయిద్దామనుకున్నా.

మా ఇంటామె కమలమ్మది మాత్రం ఒకటే మాట. "ఆదివారం చర్చికి పోయే లోపల ఆఖరి పిల్లకు కూడా ఇల్లు చూడల్ల. లేదంటే తల్లినీ పిల్లనీ ఎవురికన్నా ఇచ్చేస్తా." కుప్పం స్టేషన్ మాస్టరు ఒకదాన్ని తీసుకున్నాడు, కురబలకోట పాస్టరయ్య ఒకదాన్ని. ఇంగొకటి మిగిలింది, నిన్ననేమో శనివారం. జూలీని పోగొట్టుకునేది నావల్ల గాదు.

పుంగనూరులో సుబ్బయ్య శెట్టికి ధాన్యం మండీ ఉండాది, గోదాం నిండా ఎలకలు. తల్లి పనితనం చూపించి పిల్లను అంటగడదామని రెండింటినీ గంపలో పెట్టుకోని బొగ్గుతో నడిచే బస్సెక్కినా.

జూలీకి నేను నేర్పింది ఒకటే మాట: పట్టు! వేలు యాడ చూపించి ఆ మాట అంటే, ఆడున్నదాన్ని నోట కరుచుకుంటాది. గోదాంలో రాగుల మూటల సందులోకి వేలు చూపించినా. "పట్టు!" చూస్తాండంగానే మూడు ఎలకలు! "భలే కాంపౌండరప్పా!" అని శెట్టి నా వీపు తట్టినాడు. నేను ఉబ్బిపోయినా.

అయితే ఆ ఇంట్లో చెల్లేది శెట్టి మాట కాదు, వాళ్ళమ్మది. ఆ అవ్వ సదుంలో పెండ్లికి పోయేదానికి తయారై గడపలో నిలబడుకోని ఉండాది. మొగం చిట్లించి, "కుక్క యాల మనకు? ఏం పని దాంతో?" అనింది. ఈమెను మెప్పిస్తే పనైపోయినట్లే అనుకున్నా. పండ్లన్నీ బయటపెట్టి నవ్వతా, ఆమె కోక పక్క వేలు చూపించి, "ఏం కోక అవ్వా! కంచి పట్టు!" అనేసినా.

అంతే! జూలీ ఎగిరి కొంగు కరుచుకునింది.

"అయ్యయ్యో!" అని అవ్వ. "కుక్కను పట్టు కాంపౌండరప్పా, పట్టు!" అని శెట్టి. ఆయన అనేకొద్దీ అది ఇంకా గట్టిగా లాగతాండాది. మూటలు మోసేవాళ్ళు పరిగెత్తుకోనొచ్చి వాళ్ళూ అదే పాట, "పట్టు! పట్టు!" తల్లిని చూసి పిల్ల గంపలోంచి దూకి శెట్టి పంచె అందుకునింది. నేను ఊరుకుంటానా? "పట్టు అనొద్దండీ, పట్టు అనొద్దు!" అని గొంతు చించుకున్నా. అంటే ఇంగో రెండుసార్లు నేనే అన్నట్లు గదా! కరుచుకున్నదాన్ని వదలమనేదానికీ ఒక మాట నేర్పల్లని ఈ బ్రీడరుకు తోస్తే గదా!

ఆఖరికి అవ్వే కొంగు గట్టిగా పట్టుకోని, "ఛీ! వదులు!" అని గద్దించింది. జూలీ టక్కున వదిలి కూర్చునింది. పిల్లా కూర్చునింది. నేనూ కూలబడినా. ఇంట్లో అది ఏం కరుచుకున్నా కమలమ్మ నోట పొద్దస్తమానం వచ్చే మాట అదే, దానికి అట్ల అలవాటైనట్లుండాది.

దేవుని దయ, కొంగు చిరగలేదు. జరీ అంచులో రెండు పోగులు లేచినాయి, అంతే. ఇంగ జూలీ కూడా పోయినట్లే అనుకోని, పిల్లను గంపలోకి ఎత్తినా.

"దాన్ని యాడికి తీసకపోతాండావు? ఈడ పెట్టు," అనింది అవ్వ. "సెప్పింది సెప్పినట్ల సేసినాయి. వాటి తప్పేముండాది?"

నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయప్పా! జూలీ మా ఇంట్లోనే ఉంటాది! ఆ సంతోషంలో నోరు ఆగక, "అవ్వా, పిల్లకు పని నేర్పేదానికి వారానికొక తూరి నేనే వచ్చిపోతా," అన్నా.

అవ్వ కొంగు సర్దుకుంటా నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వు యాలప్పా? తల్లికుక్కను పంపియ్యి, సాలు."