పాలకూర తినని నత్తలు

అమీర్‌పేటలో మా సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో ఉప్పునీళ్ల అక్వేరియం ఉంది. దాన్ని చూసుకునేది మొహియుద్దీన్ భాయ్. పంజాగుట్టలో ఆయనకు రంగుచేపల దుకాణం. ప్రతి బుధవారం స్కూటర్ మీద నీళ్ల డబ్బాలు తెస్తాడు. సబ్బు వాసన చేపలకు పడదని, తొట్టిలో చెయ్యి పెట్టేముందు మోచేతుల దాకా రెండుసార్లు మంచినీళ్లతో కడుక్కుంటాడు. మా పూజగూటి ముందు చెప్పులు విడవమని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అయినా విడుస్తాడు.

ఈ ఏడాది మా డైరెక్టర్ కృష్ణమోహన్ గారు ఆరు సముద్రపు నత్తలను తెప్పించారు. గోరంతే ఉంటాయి. ఒంటినిండా పసుపు, నలుపు చారలు, చూస్తే ముద్దొస్తాయి. కానీ రాళ్ల సందుల్లో పురుగుల్ని వేటాడి తింటాయి. పురుగులు అయిపోయాక భాయ్ రొయ్య ముక్కలు వేసేవాడు.

అంతలో కార్తీకం వచ్చింది.

"ఈ నెలంతా ఇక్కడ నీచు పడకూడదు. ఉడికించిన పాలకూర వెయ్యి," అన్నారు సారు.

"అవి ఆకు తినయి సార్. అల్లా వాటిని గట్లనే పుట్టిచ్చిండు."

"అలవాటు చేస్తే అన్నీ తింటాయి. మా పిల్లలు జావా నేర్చుకోవట్లేదా?"

పాలకూరను చేపలు కొరికాయి గానీ నత్తలు దాని వంకైనా చూడలేదు. రెండో వారానికి ఒకటి చచ్చిపోయింది. మిగతా ఐదూ అద్దం ఎక్కడం మానేసి అడుగున పడి ఉన్నాయి. సారు కొత్త బ్యాచ్‌ను పిలిచి మరీ చూపించారు.

"చూడండి, మాంసం మానగానే ఎంత శాంతం వచ్చిందో! ధ్యానంలో ఉన్నాయి."

ఆ రోజు సారుకూ ఉపవాసమే. ప్లేట్లో సగ్గుబియ్యం వడలు, వేయించిన జీడిపప్పు, రెండు రకాల పాయసం. భక్తి ఎక్కడ కనబడినా దండం పెట్టే అలవాటు నాది. ఆ ప్లేటుకు మాత్రం చెయ్యి లేవలేదు.

భాయ్ బకెట్ కింద పెట్టాడు. "గది శాంతం కాదు సార్, ఆకలి. ఇంకో వారమైతే ఒక్కటి సుత మిగలది."

పిల్లలు కిసుక్కున నవ్వారు. సారు మొహం ఎర్రబడింది. "ఏంటి, నాకే పాఠం చెప్తున్నావా?"

"లేదు సార్. జర వీటిని నాకిచ్చెయ్యిండ్రి. నేను పెట్టుకుంట తిండి."

సారు పూజగూటి వంక చూశారు. "పట్టుకుపో. కార్తీకంలో ఇక్కడ చస్తే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది. నీ దగ్గర చస్తే నీది."

"మంచిది సార్. నాదే," అన్నాడు భాయ్.

సాయంత్రం ఇంటికి పోతూ దుకాణం దగ్గర ఆగాను. చిన్న గాజు తొట్టిలో రొయ్య ముక్క వేసి, "బిస్మిల్లా. తినుండ్రి బిడ్డా," అంటున్నాడు. చాలాసేపు ఏదీ కదల్లేదు. తర్వాత ఒక నత్త సన్నటి తొండం చాపి మెల్లగా పాకింది. దాని వెనకే ఇంకొకటి.

మిగతా మూడింటి కోసం భాయ్ ఇంకో ముక్క తుంచి, వాటి మూతుల దగ్గరికి జరిపాడు.