చక్రాలు ముందుకున్న ట్రైలరు

ఢిల్లీశ్వరరావుని ఒడిశాలోని మా బిస్సమ్ కటక్‌లో అందరూ ఢిల్లీ అనే పిలుస్తారు. పలాస దగ్గర పుట్టాడు, రాయగడలో లారీ ఎక్కాడు, మరి దిగలేదు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. పడక, వంట, స్నానానికి బకెట్టు, అన్నీ బండిలోనే. నా సిమెంటు కొట్టుకి మొదట్నించీ లోడు తెచ్చేది అతనే. మనిషి మంచివాడే గానీ మొండిఘటం. అతని మీద కోపం నాకింకా చల్లారలేదు, అందుకే ఇది చెబుతున్నాను.

అతనికి భీమారావని క్లీనరుండేవాడు. ట్రైలరు వెనక్కి తీసేటప్పుడు భీమారావు వెనక నిలబడి అరచేత్తో బాడీ మీద కొట్టేవాడు. ఒక్క దెబ్బంటే రానిమ్మని, రెండంటే ఆపమని. తక్కిన దారంతా ఇద్దరూ పోట్లాడుకుంటూనే వచ్చేవారు. పోయినేడు మోకాళ్ళు పనిచెయ్యక భీమారావు బోరిగుమ్మలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. అప్పట్నించి ఢిల్లీ ఒంటరి. కొరాపుట్ ఘాట్‌లో కనిపించిన బోర్డునల్లా పైకి చదువుకుంటూ పోతాడట. లేకపోతే సాయంత్రానికి గొంతు పెగలదని చెప్పాడు.

ఇంకో మనిషినిమ్మని బండి ఓనరు శ్రావణ్‌కుమార్‌ని అడిగాడు. ఆ కుర్రాడు మనిషికి బదులు వెనక ఒక కెమెరా బిగించి ఇచ్చాడు. ఉన్నమాట చెప్పి గట్టిగా అడగవయ్యా అని నేను కసిరితే, ఢిల్లీ తల దించుకున్నాడు.

"మాటాడ్డానికి మనిసి కావాలని ఓనర్ని ఏటని అడుగుతాం బాబూ? ఎనక్కి తియ్యడానికని సెప్పేను."

దాంతో శ్రావణ్‌కుమార్ ఒక మెలిక పెట్టాడు. సందుల్లో సులువుగా మళ్ళుతుందని ఈమధ్యే వేరే ట్రైలరు కొన్నాడు. దాన్ని ఢిల్లీ ఒక్కడే వెనక్కి తీసి నా గొడౌన్లో పెట్టాలి. పెట్టలేకపోతే మనిషినిస్తాడు. చూసి చెప్పాల్సింది నేను.

నాకు సంతోషమేసింది. గేటు పక్కనున్న పాత ప్రహరీని ఎలాగూ పడగొట్టించాలనే అనుకుంటున్నాను. దాన్ని కాస్త గీకెయ్, మిగతాది ఫోన్లో నేను చూసుకుంటానని ఢిల్లీ చెవిన వేశాను. నవ్వి తలూపాడు. భీమారావు వెళ్ళాక అతను నవ్వగా చూడటం అదే మొదటిసారి.

తీరా ఆ రోజు వెనక్కి తియ్యబోతే గీకాల్సిన పనే లేకపోయింది, బండి దానంతటదే గోడ మీదికి వెళ్ళబోయింది. పాత ట్రైలరుకి చక్రాలు బాగా చివరన ఉండేవి. స్టీరింగు బోలెడంత తిప్పితే గానీ మళ్ళేది కాదు. ఇతని చేతులకి అదే అలవాటు. కొత్తదానికి చక్రాలు బాగా ముందుకి ఉన్నాయి. అంతే తిప్పేసరికి గభాలున మళ్ళింది, చక్రాల వెనక మిగిలిన తోక విసురుగా గోడవైపు వచ్చింది. జానెడు దూరంలో బ్రేకు వేశాడు. ఇంకొంచెం పోనీవయ్యా అని నాలో నేనే గొణుక్కున్నాను.

ఢిల్లీ దిగాడు. చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని, అక్కణ్ణించి తోక దాకా చూశాడు. మళ్ళీ ఎక్కి, బండి ముందుకి లాగి, ఈసారి స్టీరింగు కొంచెమే తిప్పాడు. తోక కదలగానే సర్దాడు. మళ్ళీ కొంచెం తిప్పాడు, మళ్ళీ సర్దాడు. ట్రైలరు ఎక్కడా ఒరుసుకోకుండా తిన్నగా లోపలికి వెళ్ళిపోయింది. హమాలీలు చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

దిగీదిగగానే నిలదీశాను. తన చేతులకేసి చూసుకున్నాడు.

"గీకేద్దామనే ఎక్కేను బాబూ. సెయ్యి రాలేదు."

అంతలో శ్రావణ్‌కుమార్ ఫోను చేశాడు. ఇతనివల్ల కాలేదు, మనిషి ఉండాల్సిందేనని నేను అందుకున్నాను. అబద్ధమే, ఏం మునిగిపోయింది? ఢిల్లీ నా చేతిలోంచి ఫోను తీసేసుకున్నాడు.

"లేదు బాబూ, లోపలెట్టీసేను. ఒక్కడినే ఎట్టీసేను. గీత పడలేదు."

అవతల ఆ కుర్రాడు భేష్ అనడం, ఇంక మనిషెందుకని నవ్వడం నాకూ వినిపించాయి. తర్వాత ఆ గొంతు ఆగిపోయింది. ఢిల్లీ మాత్రం ఫోను చెవికి ఆనించుకుని, చక్రాలు ఎక్కడున్నాయో, తోక ఎలా ఊగిందో, చెయ్యి ఎంత తిప్పాలో, ఒక్కొక్కటే చెబుతూనే ఉన్నాడు. అవతల పెట్టేశారని నాకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది. ఫోను వెనక్కి అడగలేదు.